డాన్ కోటు చూశారు, బెట్టీ ఊపిరి చూడలేదు

ఈసారి కొంచెం గుస్సాలోనే రాస్తున్నాను. నా భాంజాకి, మా మొహల్లా కమిటీ బడే సాబ్‌కి కలిపి ఒకటే ఖత్ అనుకోండి.

భాంజా ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రెండు నెలలుగా వాడి వాట్సాప్ స్టేటస్‌లో ఒకే మనిషి. నల్లకోటు, నూనె రాసి పక్కకి దువ్విన జుట్టు, వేళ్ల మధ్య సిగరెట్. డాన్ డ్రేపర్. "మ్యాడ్ మెన్" అనే అమెరికా సీరియల్ హీరో. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: న్యూయార్క్‌లో 1960ల నాటి ఒక అడ్వర్టైజింగ్ కంపెనీ కథ ఇది. 2007 జూలై నుంచి 2015 మే దాకా ఏఎంసీ ఛానల్లో 7 సీజన్లు, 92 ఎపిసోడ్లు నడిచింది. 2008 నుంచి 2011 దాకా వరసగా నాలుగేళ్లు ఉత్తమ డ్రామా ఎమ్మీ కొట్టింది. మామూలు చీజ్ కాదు.

మా వాడు, వాడి దోస్తులు కలిసి "బెస్ట్ ఎపిసోడ్స్" అని ఫెహరిస్త్ తయారు చేసి తిప్పుతున్నారు. మొదటిది "ది వీల్", రెండోది "ది సూట్‌కేస్", ఆ తర్వాత డాన్ ఎక్కడెక్కడ గొప్పగా మాట్లాడాడో అవన్నీ. ఇటు బడే సాబ్ ఏమన్నారంటే, జుమా అయ్యాక మెట్ల మీద నిలబడి, ఈ సీరియల్లో షరాబ్, సిగరెట్, పరాయి ఆడవాళ్లు తప్ప ఏమీ లేదు, పిల్లల ఫోన్లలోంచి తీయించండి అన్నారు. ఆయన ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. మా వాళ్లు 92 చూశారు. ఇద్దరికీ కనిపించింది మాత్రం ఒకటే: కోటు, సిగరెట్. ఒకరు దాన్ని చూసి ఫిదా, ఒకరు ఖఫా.

నేను చెప్పేది ఇది. ఆ సీరియల్లో గొప్ప ఎపిసోడ్లు డాన్ సౌదా గెలిచినవి కావు. ఆ సౌదాకి బిల్లు ఎవరు కట్టారో చూపించినవి. అవే మీ ఫెహరిస్త్‌లో కింద ఉన్నాయి, లేదా అసలు లేవు.

"ది వీల్" సంగతే తీసుకుందాం. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్. కోడక్ వాళ్లు ఒక స్లైడ్ ప్రొజెక్టర్ తెచ్చారు, గుండ్రటి చక్రంలో ఫొటోలు తిరుగుతాయి. డాన్ లైట్లు ఆర్పించి, తన పెళ్లాం బిడ్డల ఫొటోలే ఒక్కొక్కటిగా చూపిస్తూ, ఇది చక్రం కాదు, మనల్ని పాత రోజుల్లోకి తీసుకెళ్లే రంగులరాట్నం అంటాడు. "క్యారోసెల్" అని పేరు పెడతాడు. సొంత కాపురం చెడగొట్టుకున్న ఉద్యోగి ఒకడు ఏడుస్తూ గదిలోంచి బయటికి పోతాడు. మా భాంజా స్టేటస్ అక్కడితో కట్.

తర్వాత ఏమైంది బేటా? పండక్కి అత్తారింటికి రమ్మని భార్య అడిగితే పని ఉందని రానన్నవాడు ఈ డానే. ఆ ఫొటోలు చూపించి, కోడక్ వాళ్ల దిల్ గెలిచి, ఇంటికి వెళ్తే ఘర్ ఖాలీ. మెట్ల మీద ఒక్కడే కూచుంటాడు. అదే ఎపిసోడ్‌లో, అదే కంపెనీలో పనిచేసే పెగ్గీ అనే అమ్మాయి ఆసుపత్రిలో ప్రసవించి, నర్సు బిడ్డని దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకుంటుంది. అటు ఖాందాన్ యాదేఁ అమ్ముకుంటున్నారు, ఇటు ఒక పసిబిడ్డని చూసే దిక్కు లేదు. రెండూ పక్కపక్కన పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. మీరు క్లిప్ కత్తిరించినప్పుడు ఆ సగాన్ని పారేశారు. ఇష్తిహార్ మీద తీసిన కహానీని మళ్లీ ఇష్తిహార్‌గా మార్చేశారు. కోడక్ కంపెనీ ఇంతకన్నా ఏమి కోరుకుంటుంది?

అసలు విజయనగరం వాళ్లకి డాన్ డ్రేపర్ కొత్త మనిషా? 1892లో ఇదే ఊళ్లో "కన్యాశుల్కం" మొదటిసారి ఆడింది. గిరీశం ఎవరు? చేతిలో పైసా లేదు, మాటే పెట్టుబడి. సంస్కరణ అమ్ముతాడు, ఇంగ్లీషు అమ్ముతాడు, అన్నిటికన్నా ఎక్కువగా తననే అమ్ముకుంటాడు. శిష్యుడు వెంకటేశానికి చదువు కన్నా ముందు చుట్ట కాల్చడం నేర్పి, దానికీ ఒక పద్యం, ఒక దలీల్ చెబుతాడు. డాన్ కూడా అంతే. చనిపోయిన ఇంకో సైనికుడి పేరు తగిలించుకుని బతుకుతున్నవాడు. ఫర్క్ ఎక్కడంటే, గురజాడ అప్పారావు గారు గిరీశాన్ని చూసి మనం నవ్వేలా రాశారు. అమెరికా వాళ్లు తమ గిరీశానికి ఎంత అందమైన సూటు కుట్టించారంటే, నవ్వడం మర్చిపోయాం. ఆ సీరియల్ మీద నా పెద్ద షికాయత్ ఇదే. హఖీకత్ చెబుతుంది, కానీ లైటింగ్ మాత్రం ఝూట్ మీదే వేస్తుంది.

ఇక మొట్టమొదటి ఎపిసోడ్, "స్మోక్ గెట్స్ ఇన్ యువర్ ఐస్". 1960. సిగరెట్ హానికరమని పత్రికల్లో వచ్చేసింది, ఆరోగ్యానికి మంచిదని చెప్పి అమ్మడానికి ఇక వీల్లేదు. లక్కీ స్ట్రైక్ కంపెనీ వాళ్లు బేజారుగా వచ్చి కూచున్నారు. ఎపిసోడ్ మొదట్లో డాన్ ఒక బార్లో నల్లజాతి వెయిటర్‌ని నువ్వు ఏ సిగరెట్ కాలుస్తావు, ఎందుకు అని అడుగుతుంటాడు. మా ఆవిడకి నచ్చదు, చంపేస్తుందని పత్రికలో చదివింది అని ఆ వెయిటరే చెబుతాడు. ఆ పేదవాడి భార్యకి తెలిసింది! కంపెనీకి తెలీదా? మీటింగ్‌లో డాన్ చేసిందేమిటి? మీ పొగాకు వేయించింది అని రాయండి అంటాడు. అందరి పొగాకూ వేయించిందే. నిజానికి లక్కీ స్ట్రైక్ ఆ మాట 1917 నుంచే వాడుతోంది. కానీ డాన్ దాని వెనక చెప్పిన అసలీ కిటుకు వినండి: జనానికి కావలసింది సరుకు కాదు, నువ్వు చేస్తున్నది బాగానే ఉంది అని ఎవరో ఒకరు చెప్పడం. మన మాటలో ఒక్కటే లఫ్జ్. తసల్లీ.

ఇష్తిహార్ కోరిక పుట్టిస్తుందని అందరూ అంటారు. నేను అలా అనుకోను. కోరిక మనిషి దగ్గర ఉండనే ఉంది. ఇష్తిహార్ చేసేది ఖౌఫ్‌ని తీసేయడం.

"మామూ, మన శ్రీకాకుళంలో చుట్టకి ఏ డాన్ డ్రేపర్ ఇష్తిహార్ రాశాడు?" అని భాంజా నన్ను అడిగాడు. మంచి సవాల్. దీనికి జవాబు చెప్పకుండా ముందుకి పోవడం బేఇన్సాఫీ.

సముద్రం ఒడ్డు పల్లెల్లో అడ్డపొగ తెలియనివాళ్లు లేరు. చుట్టని వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. గాలికి ఆరిపోదు, బూడిద చంటిదాని మీద పడదు, చేతులు పనిలో ఉన్నా చుట్ట నోట్లో ఉంటుంది. మా వీధిలో చేపలు అమ్మే మామ్మ గంప దించి, అమ్మీతో మాట్లాడుతూనే నోట్లోంచి పొగ వదిలేది. "పంటి నొప్పికి ఇదే మందు బావూ" అనేది నాతో. అంగిలి నల్లగా, మధ్యలో తెల్లమచ్చలు. ఒక ఏడాది ఆమె రావడం మానేసింది. తర్వాత ఆమె కూతురు గంప ఎత్తుకుంది.

ఆ మచ్చల మీద 1960ల చివర్లోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్ కలిసి పని చేశారు. మన ప్రాంతంలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు తెరిపించి చూశారు. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయింది. ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కడ అడ్డపొగ గురించి రాసినా ఆంధ్ర పేరు రావలసిందే. మన జిల్లాకి ఆ మషూరీ ఎవరూ అడగలేదు.

అవును బేటా, ఆ చుట్టకి గోడ మీద బొమ్మ లేదు, స్లోగన్ లేదు. కానీ తసల్లీ ఉంది. "పంటి నొప్పికి మందు" అన్నారే, అదే దాని ఇష్తిహార్. ఎవరు రాశారో తెలీదు, తల్లి నుంచి కూతురికి నోటిమాటగా వచ్చింది. ఆ మామ్మకి ఖౌఫ్ తీసేసింది ఆమె చదువు లేకపోవడం, డాక్టర్ దగ్గర లేకపోవడం, చుట్టూ అందరూ కాల్చడం. ఆమె గరీబీ మీద ఎవరూ జీతం తీసుకోలేదు. డాన్ మాత్రం చదువుకున్నవాళ్లకి, పత్రిక చదివి భయపడ్డవాళ్లకి, ఆ ఖౌఫ్‌ని తీసేసే పని చేసి జీతం తీసుకున్నాడు. ఫర్క్ చిన్నదంటావా?

మనవాళ్ల దగ్గరికి కూడా వద్దాం, లేకపోతే నేను అమెరికా వాళ్లని తిట్టి తప్పించుకున్నట్టు అవుతుంది. 1591లో కట్టిన చార్మినార్ పై అంతస్తులో నమాజ్ చదవడానికి మసీదు ఉంది. ఆ చార్మినార్ పేరుని సిగరెట్ పెట్టె మీద వేసింది మన హైదరాబాద్ వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, 1930లో ఏర్పడింది. దేశమంతా కాల్చారు. సత్యజిత్ రాయ్ గారి డిటెక్టివ్ ఫెలూదా కాల్చేది కూడా చార్మినారే. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించిన నాటి నుంచీ మనకి గోల్కొండ, హైదరాబాద్ పేర్లు అంటే ఇంటి పేర్లే. ఆ పెట్టె జేబులో ఉంటే అదో అప్నాపన్. మా చాచాలు అందరూ చార్మినారే. కోడక్ వాడు ఖాందాన్ ఫొటోలు చూపించి ప్రొజెక్టర్ అమ్మినట్టు, మనకి మన షహర్‌ని చూపించి పొగ అమ్మారు.

"ది సూట్‌కేస్" విషయంలో మాత్రం నా భాంజా ఫెహరిస్త్‌తో నాకు ఝగడా లేదు. నిజంగానే గొప్ప ఎపిసోడ్. కానీ ఎందుకు గొప్పదో వీళ్లకి తెలీదు. నాలుగో సీజన్ ఏడోది. ఆ రాత్రి 1965 మే 25. అమెరికాలో మేన్ రాష్ట్రంలోని లూయిస్టన్ ఊళ్లో మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్ రెండోసారి తలపడుతున్నారు. అలీ ఇస్లాం సంగతి బాహాటంగా చెప్పి, ఈ పేరు పెట్టుకుని అప్పటికి ఏడాది దాటింది. డాన్‌కి అలీ అంటే గిట్టదు. తనే గొప్పవాణ్ణని చెప్పుకోవడం ఏమిటి అంటాడు, లిస్టన్ మీద పందెం కాస్తాడు. అలీ మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. పొద్దున్నే పేపర్లో ఆ ఫొటో చూసి డాన్ ఏం చేశాడు? కింద పడ్డవాడి మీద నిలబడ్డ అలీ బొమ్మని సూట్‌కేసుగా మార్చి శామ్‌సోనైట్ కంపెనీ కోసం స్కెచ్ గీశాడు. మనిషి వద్దు, వాడి విక్టరీ కావాలి. ఆ స్కెచ్‌ని మెచ్చుకుంటూ స్టేటస్ పెట్టిన మా కుర్రాళ్లలో ఒక్కడికీ ఇది తట్టలేదే!

ఇంకోటి. ఆ రాత్రంతా పెగ్గీని ఆఫీసులోనే ఉంచేస్తాడు. ఆమె పుట్టినరోజు ఆ రోజు. అంతకుముందు ఎపిసోడ్‌లో డాన్‌కి ఇనామ్ వచ్చిన యాడ్‌కి అసలు ఖయాల్ తనదే అని, ఒక్కసారి కూడా షుక్రియా చెప్పలేదని ఆమె ఏడుస్తుంది. జీతం ఇస్తున్నాను కదా, అదే షుక్రియా అన్నట్టు అరుస్తాడు. ఆ సీన్ దగ్గర నేను వీడియో ఆపేశాను.

మా అబ్బా గోడ పెయింటర్. రణస్థలం నుంచి చిలకపాలెం దాకా హైవే పక్క గోడల మీద ఆయన చేతి అక్షరాలు ఉండేవి. సిమెంటు, ఎరువులు, పళ్లపొడి, బీడీలు. ముందు సున్నం కొట్టేవారు. ఆరాక నీలిమందు పట్టించిన దారం గోడ మీద బిగించి లాగి వదిలితే సన్నటి గీత పడేది. చాక్‌పీస్‌తో అక్షరాల ఖాకా, ఆ తర్వాత ఎనామిల్. తెలుగు అక్షరాల తలకట్టు ఆయన ఒక్క విసురులో తీసేవారు, బ్రష్ రెండోసారి ఆనేది కాదు. ఒక్క గోడ కింద కూడా ఆయన పేరు లేదు. ఒక బీడీ కంపెనీ ఏజెంటు ఆరు గోడల మజ్దూరీ ఇవ్వకుండానే ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలన్న హదీస్ మనింట్లో పిల్లలకి కూడా తెలుసు. ఇష్తిహార్ ధంధాలో మాత్రం ఎవడి చెయ్యి పని చేసిందో గోడకి తెలీదు, గోడ పక్కన బస్సులో పోయేవాడికీ తెలీదు. ఫ్లెక్సీలు వచ్చాక అబ్బా బ్రష్షులు కిరసనాయిల్ డబ్బాలోనే ఎండిపోయాయి.

మా వాడి ఫెహరిస్త్‌లో చివర్న ఎక్కడో "ఇన్ కేర్ ఆఫ్" ఉంది. ఆరో సీజన్ ఆఖరిది. హెర్షీ చాక్లెట్ కంపెనీ ముందు డాన్ ముందు ఒక నకిలీ కథ చెబుతాడు, నాన్న చాక్లెట్ కొనిచ్చాడని. అందరూ వాహ్వా. తర్వాత చేతులు వణుకుతూ అసలు సంగతి చెప్పేస్తాడు. తను అనాథ, వేశ్యల ఇంట్లో పెరిగాడు, వచ్చినవాళ్ల జేబుల్లోంచి చిల్లర కొట్టేసి తెస్తే ఒకామె చాక్లెట్ ఇచ్చేది. సౌదా పోయింది, ఆఫీసు వాళ్లు సెలవు మీద పొమ్మన్నారు. నిజం చెప్పిన రోజే నౌకరీ పోయింది. ఈ ఎపిసోడ్ బడే సాబ్ చూస్తే ఆయన బయాన్‌కే పనికొస్తుంది.

"బ్లోయింగ్ స్మోక్" గురించి ఒక్క ముక్క. లక్కీ స్ట్రైక్ వదిలేసి పోయాక డాన్ న్యూయార్క్ టైమ్స్‌లో పేజీ నిండా ఖత్ వేయిస్తాడు, నేను పొగాకు పని ఇక చెయ్యను అని. తౌబా అనుకుంటాం. కాదు, ఖాతాదారు పోయాడు కాబట్టి పరువుగా కనపడే ఇంకో ఇష్తిహార్ అది.

ఇప్పుడు నా ఫెహరిస్త్‌లో మొదటిది చెబుతాను. "ద మిల్క్ అండ్ హనీ రూట్", చివరి నుంచి రెండోది. డాన్ మాజీ భార్య బెట్టీ కాలేజీ మెట్లు ఎక్కుతూ కూలబడుతుంది. ఊపిరి అందదు. పరీక్షలు చేసి డాక్టరు ఆమెకి కాదు, ఆమె రెండో మొగుడికి చెబుతాడు: ఊపిరితిత్తుల క్యాన్సర్, చాలా దూరం వెళ్లిపోయింది. ఎవరి రోగం, ఎవరికి చెప్పారు! మన ఘరానాల్లో కూడా ఇదే దస్తూర్ కదా. బెట్టీ తన కూతురు శాలీ చేతిలో ఒక కవరు పెడుతుంది, జనాజా రోజు ఏ బట్టలు వెయ్యాలో, జుట్టు ఎలా ఉండాలో రాసి. తర్వాతి ఎపిసోడ్, అదే ఆఖరిది, "పర్సన్ టు పర్సన్". అందరూ చివర్న డాన్ కొండ మీద కళ్లు మూసుకుని చిరునవ్వు నవ్వడం, వెంటనే కోకాకోలా పాట రావడం గురించి మాట్లాడతారు. దానికి కొంచెం ముందు కొన్ని క్షణాల సీన్ ఉంది. వంటగది. కూతురు సింక్ దగ్గర గిన్నెలు తోముతోంది. వెనక బల్ల దగ్గర బెట్టీ కూచుని ఉంది. చేతిలో సిగరెట్. మాటలు లేవు.

మొదటి ఎపిసోడ్‌లో మొగుడు అమ్మిన తసల్లీకి ఆఖరి ఎపిసోడ్‌లో బిల్లు వచ్చింది. కట్టింది అతని పిల్లల తల్లి. గిన్నెలు తోమింది అతని కూతురు. 92 ఎపిసోడ్లు నడిపి ఆ రెండు కొసల్ని కలిపారు. దాన్ని చూడకుండా "ది వీల్" చూసి ఏడ్చేవాళ్లని ఏమనాలి?

ఆ కోకాకోలా యాడ్ నిజంగా వచ్చింది 1971లో. అమెరికా టీవీల్లో సిగరెట్ యాడ్స్ బంద్ అయింది 1971 జనవరి 2 నుంచి. మన పల్లెటూరి ఆడవాళ్ల అంగిళ్ల మీద ఆ వ్యాసం అచ్చయింది కూడా 1971లోనే. మూడూ ఒకే ఏడాది. అక్కడ చట్టం వచ్చింది. మనకి ఆ చట్టం రావడానికి 2003 దాకా పట్టింది, 2004 మే 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సిగరెట్ బొమ్మ గోడ మీద లేదు. బదులు సినిమా హీరోలు ఇలాచీ డబ్బా పట్టుకుని నవ్వుతున్నారు, ఏం అమ్ముతున్నారో అందరికీ తెలుసు. పోతే, తసల్లీ అమ్మేవాళ్లు పొగాకు దగ్గరే ఆగలేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో పేరు మాత్రం మార్చుకుంది. "లడ్‌కీ గోరీ హై క్యా" అని మనం రిష్తాల దగ్గర అడగడం మార్చుకోలేదు. ఉమ్రా కూడా వాయిదాల్లో అంటూ కరపత్రాలు వస్తున్నాయి. రంజాన్‌లో రూహ్ అఫ్జా సీసా కనపడగానే నా కళ్లలోనూ నీళ్లు తిరుగుతాయి, అది వేరే సంగతి, షర్బత్ నోటిని కాల్చదు.

బడే సాబ్, ఇప్పుడు మీతో. పిల్లల ఫోన్లలోంచి సీరియల్ తీయించమన్నారు. చిన్నపిల్లలకి తీయించండి, వాళ్లు చూడకూడని సీన్లు చాలా ఉన్నాయి, నేనూ ఒప్పుకుంటాను. పద్దెనిమిది దాటినవాళ్ల పక్కన అమ్మీ అబ్బా కూచుని, మొదటి ఎపిసోడ్, చివరి రెండు ఎపిసోడ్లు కలిపి చూపించమంటాను. కానీ మీరు నిలబడి మాట్లాడిన ఆ మెట్ల కిందనే మసీదు ములిగీలు నాలుగు ఉన్నాయి. మూడో దాంట్లో పాన్ దుకాణ్. అక్కడ లూజు సిగరెట్ దొరుకుతుంది, గుట్కా దొరుకుతుంది. మక్తబ్ వదిలాక పిల్లలు ఆ దుకాణ్ ముందు నుంచే ఇంటికి పోతారు. అక్కడి కిరాయి ప్రతి నెలా మన కమిటీ లెక్కలో జమ అవుతోంది. స్కూలుకి 100 గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని అదే 2003 చట్టం చెబుతోంది. మక్తబ్ స్కూలు కాదని ఎవరైనా వాదిస్తే, ఆ వాదన పిల్లల తల్లుల ముందు నిలబడి చెయ్యమనండి.

భాంజా సిగరెట్ మొదలుపెట్టింది డాన్ డ్రేపర్‌ని చూసి కాదు. వాడిని నేనే అడిగాను. "మొదటిది ఎక్కడ కొన్నావు రా?" అంటే తల దించుకుని, "మన మసీదు కింద, మామూ" అన్నాడు.

ఆ ములిగీ కిరాయి కాగితం ఈ షాబాన్‌లో ముగుస్తుంది. కమిటీ మీటింగ్‌లో దాన్ని మళ్లీ రాయొద్దని నేను అడగబోతున్నాను. మొహల్లా భాయీలు, బెహనులు ఎవరైనా సంతకం పెడతానంటే, ఇషా తర్వాత నేను మెట్ల దగ్గరే ఉంటాను.